చాప ఎవరెత్తాలి

మెల్‌బోర్న్,
ఫిబ్రవరి 11

ఫువాతినో అత్తకు,

నీ కాళ్ళ దగ్గర కూర్చుని రాస్తున్నాననుకో. ఈ మత్తు మాన్పించే కేంద్రంలో చేరగానే ఫోన్ లాగేసుకున్నారు, అందుకని ఉత్తరం. బడిలో చదివేటప్పుడు కూడా నేనింత రాసి ఎరగను. తప్పులుంటే నువ్వు నవ్వుకో గాని సెఫీనాకు చూపించకు. ఎనిమిదేళ్ళకే అది నాకంటే బాగా రాస్తుంది.

తిండి చప్పగా ఉంది. ఉప్పడిగితే నర్సు నా గుండె గురించి పాఠం చెప్పింది. నీ చేతి కొబ్బరిపాల బన్నులు తలచుకుని రొట్టె మింగుతున్నాను.

కోర్టు సంగతి అడుగుతావని తెలుసు. నేను భయపడ్డట్టు లేదు. జడ్జమ్మ ఎత్తు పీఠం మీద కూర్చోదు, మాతోపాటే బల్ల దగ్గర కూర్చుంటుంది. పేరు హాలరన్. “ఈ వారం ఎలా గడిచింది ఇయనేతా?” అని లాయర్ని కాదు, నన్నే అడుగుతుంది. ఐస్ అనే ఆ మత్తుమందు ముట్టకుండా వారం దాటించినవాళ్ళకు గదిలో అందరూ చప్పట్లు కొడతారు. నాకు కొట్టినప్పుడు సిగ్గుతో చచ్చాను. వారానికి మూడుసార్లు ఒంటేలు పరీక్ష. ఆడమనిషి ఒకావిడ ఎదురుగా నిలబడి చూస్తుంది. మొదటిసారి ఒక్క చుక్క రాలేదు. ఆవిడ పాపం కుళాయి తిప్పి, పాట కూడా పాడింది.

ఒప్పందం ఇదీ. ఏడాది లోపల నేను నిలబడితే సెఫీనా, పెనీ నీ దగ్గర నుంచి నా దగ్గరికి వస్తారు. నిలబడలేకపోతే వాళ్ళు పెద్దయ్యేదాకా వేరే ఇంట్లోనే పెరగాలని కోర్టు తేల్చేస్తుంది. వాళ్ళ నాన్న బ్రిస్బేన్ వెళ్ళినవాడు వెళ్ళినట్టే, ఉలుకూ లేదు పలుకూ లేదు. వాళ్ళకు మిగిలింది నేనొక్కదాన్నే. ఆ నేను ఎలా తయారయ్యానో నీకు తెలుసు.

పెనీకి అరటిపండు కొస తుంచి ఇవ్వు, లేకపోతే ముట్టుకోడు.

నీ తమ్ముడి కూతురు,
ఇయనేతా

* * *

షెపర్టన్,
మార్చి 2

ఇయనేతా,

నాలుగు పేజీలు రాశావు, సగం తిండి గురించే. అంటే బతికి బట్టకడతావన్నమాట. దేవుడికి దణ్ణం.

నీకు ఫోన్ తిరిగిచ్చినా సరే నాకు ఉత్తరమే రాయి. ఫోన్లో నువ్వు ఏడుస్తావు, నేను కరిగిపోతాను, నేను కరిగితే నీకు అలుసు. కాయితం మీద ఏడుపు వినపడదు.

ఇక్కడ బేరికాయల కోత ముమ్మరంగా ఉంది. షెడ్డులో రోజంతా నిలబడి కాయలు ఏరి పెట్టెల్లో సర్దుతుంటే మోకాళ్ళు నన్ను తిడుతున్నాయి. నేను పనికెళ్ళినప్పుడు పాస్టరుగారి భార్య మేలే పెనీని చూస్తోంది. వాడికి అరటిపండు కొసతో సహా తినడం నేర్పాను. మూడేళ్ళ మగాడికి పండు కొసంటే భయమేమిటి? సెఫీనా చర్చిలో ముందు వరసలో నిలబడి పాడుతోంది. గొంతు మీ నాన్నది, పొగరు నీది.

పెనీ నన్ను అమ్మా అని పిలుస్తున్నాడు. నేనే పిలవమన్నాను. ఇంట్లో అన్నం పెట్టేదాన్ని పిల్లవాడు ఇంకేమని పిలుస్తాడు? వాళ్ళు నా పిల్లలు. నువ్వు వాళ్ళ గురించి బెంగపడకుండా నీ సంగతి చూసుకో.

పిల్లల సంక్షేమశాఖ కుర్రాడు డంకన్ వచ్చాడు. చెప్పులతో చాప మీదికొచ్చి సెఫీనా చేత చీవాట్లు తిన్నాడు. ఏవేవో అడిగాడు. అన్నీ బాగున్నాయన్నాను. మన ఇంటి మాట గడప దాటాల్సిన పనేముంది?

ప్రార్థన మానకు. ఉప్పు తగ్గించు, ఆ నర్సు మంచిమాటే చెప్పింది.

మీ అత్త,
ఫువాతినో

* * *

మెల్‌బోర్న్,
మార్చి 19

అత్తా,

నన్ను కేంద్రం నుంచి పంపించారు. ఇప్పుడు చిన్న అద్దె ఇంట్లో ఉన్నాను, రెండు గదులు. ఒక గది పిల్లలకని ఖాళీగా ఉంచాను. అందులోకి వెళ్ళి నిలబడి వస్తుంటాను.

నీ ఉత్తరం చాలాసార్లు చదివాను. వాళ్ళు నా పిల్లలు అని రాశావు. పోనీలే, మాటవరసకు అన్నావనుకున్నాను. నిన్న డంకన్ చెప్పాడు, నేను నిలబడలేకపోతే పిల్లల్ని శాశ్వతంగా పెంచుకోవడానికి నువ్వు ఒప్పుకుంటూ సంతకం పెట్టావట. ఆ సంగతి నాకు రాయాలని నీకు అనిపించలేదు. అరటిపండు గురించి రాశావు.

నేను పడిపోతానని నువ్వు ముందే తేల్చుకున్నావా? నేనిక్కడ పరాయి మనిషి ఎదుట గిన్నెలో ఉచ్చపోసి నా పిల్లల్ని సంపాదించుకుంటుంటే నువ్వక్కడ వాడికి అమ్మా అనడం నేర్పిస్తున్నావు. దొంగ కూడా ఇంట్లో మనుషులు నిద్రపోయాక వస్తాడత్తా.

రాసినందుకు తర్వాత ఏడుస్తాను. కాయితం మీద వినపడదుగా.

ఇయనేతా

* * *

షెపర్టన్,
మార్చి 28

ఇయనేతా,

ఉత్తరం అందింది.

“ఆమెకేమన్నా అయితే ఈ పిల్లల్ని ఉంచుకుంటారా, లేక వేరే వాళ్ళకివ్వమంటారా?” అని అడిగాడు ఆ కుర్రాడు. ఏ మేనత్త వేరే వాళ్ళకివ్వమంటుంది? అందుకే సంతకం పెట్టాను. మళ్ళీ అడిగితే మళ్ళీ పెడతాను.

మీ నాన్నను మన దీవిలో ఆరేళ్ళప్పుడు మా పిన్నికి పెంపకానికిచ్చారు. పదమూడేళ్ళకు తిరిగొచ్చాడు. వాడికి ఇద్దరు తల్లులు, రెండు ఇళ్ళు, రెండు చోట్లా అన్నం. ఎవరూ ఎవరినీ దోచుకోలేదు. మీ నాన్న పోయాక నిన్ను నేను పెంచాను. అప్పుడు మీ అమ్మ నన్ను దొంగ అనలేదు. ఈ దేశంలో పుట్టినందుకు నువ్వు పిల్లల్ని కూడా పాసుపోర్టుల్లా ఒక్క పేరు మీదే ఉంచాలనుకుంటున్నావు.

శనివారాలు నువ్వు వచ్చి చూడొచ్చని కోర్టు చెప్పిందట. పొద్దుటి రైలుకు రా. మిఠాయిలు తేకు, పెనీకి పళ్ళు పుచ్చుతున్నాయి.

ఫువాతినో

* * *

మెల్‌బోర్న్,
ఏప్రిల్ 20

అత్తా,

శనివారం వీధి గుమ్మంలో నువ్వు నా చేతిలో చామదుంపల గిన్నె పెట్టి “తొక్క తియ్యి” అన్నావు. నా క్షమాపణంతా ఆ దుంపలతోనే అయిపోయింది. ఎదురుగా చెప్పడానికి నోరు రాలేదు, ఇక్కడ రాస్తున్నాను. దొంగ అన్న మాట నాది కాదనుకో. నాదే, కానీ కాదనుకో.

పెనీ నన్ను చూసి నువ్వు చుట్టుకున్న లుంగీ వెనక దాక్కున్నప్పుడు నువ్వు వాణ్ణి ముందుకు తోశావు, చూశాను. తోసినా రాలేదు. సెఫీనా మాత్రం భోజనం అయ్యేదాకా నా చెయ్యి వదల్లేదు, కుడిచెయ్యి పట్టుకుంటే ఎడమచేత్తో తిన్నాను. రైల్లో తిరిగొస్తూ దారంతా నవ్వుకున్నాను. ఎదుటి సీటు ముసలాయన జాగా మార్చుకున్నాడు.

జడ్జమ్మ ఈసారి సెఫీనా పాట గురించి అడిగింది. గుర్తుపెట్టుకుందత్తా!

నీ ఇయనేతా

* * *

షెపర్టన్,
మే 22

ఇయనేతా,

ఈ ఉత్తరం చదివి చింపెయ్యి.

మొన్న శనివారం నువ్వు గుమ్మంలో అడుగు పెట్టగానే నాకు తెలిసింది. కళ్ళు ఒకచోట నిలవవు, దవడ కదులుతూనే ఉంది, ఒక మాట పూర్తికాకుండా మరో మాట. నీకు జ్వరమని పిల్లలకు చెప్పి లోపల గదిలో పడుకోబెట్టాను. సెఫీనా తడిగుడ్డ తెచ్చి నీ నుదుటి మీద వేసింది. నేను వంటింట్లోకి వెళ్ళి పొయ్యి వెలిగించకుండానే దాని ముందు నిలబడ్డాను.

సోమవారం డంకన్ ఫోన్ చేసి శనివారం ఎలా గడిచిందని అడిగాడు. ఆమెకు జ్వరం, పాపం పడుకునే ఉంది అన్నాను. నా జీవితంలో పాస్టరుగారికి తప్ప ఎవరికీ అబద్ధం చెప్పలేదు. ఆయనక్కూడా ఆయన ప్రసంగం బాగుందనే.

నిన్ను తిట్టడానికి రాయడం లేదు. తిట్టే ఓపిక లేదు. ఒకటే చెబుతున్నాను, నోరు మూసుకో. నేను కప్పిపెట్టాను, కప్పిపెట్టినట్టే ఉండనీ. కుటుంబం ఉండేదే అందుకు. ఇక ముందు ముట్టకు.

మీ అత్త

* * *

మెల్‌బోర్న్,
జూన్ 3

అత్తా,

నీ ఉత్తరం అందేలోపే నేను కోర్టులో చెప్పేశాను.

ఆ శనివారం రైలు కోసం నిలబడితే పాత స్నేహితురాలు కనపడింది. ఆమె బలవంతం చేయలేదు, అది రాయాలి. ముందు వారం పెనీ నన్ను చూసి ఏడ్చి నీ దగ్గరికి పరిగెత్తాడు కదా. ఈసారి కూడా అంతే చేస్తాడేమోనని భయం వేసింది, ఆ భయం లేకుండా వెళ్ళాలనిపించింది. ఇంత తెలివితక్కువ కారణం ఇంకోటి ఉండదు.

పరీక్షలో ఎలాగూ తేలేది. కానీ ఫలితం రాకముందే లేచి చెప్పాను. గదిలో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. జడ్జమ్మ “దొరికాక చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. దొరక్కముందే చెప్పావు, అది వేరు. కూర్చో, ఏం చేయాలో ఆలోచిద్దాం” అంది. పరీక్షలు పెంచారు. కొన్నాళ్ళు పిల్లల్ని మీ ఇంట్లో కాదు, శాఖ ఆఫీసులోనే చూడాలి. నన్ను మాత్రం వెళ్ళగొట్టలేదు.

అప్పుడు డంకన్ తలెత్తి, “జ్వరమని వాళ్ళ అత్తగారు చెప్పారే” అన్నాడు. చెడ్డవాడేమీ కాదు, నిజంగానే ఆశ్చర్యపోయాడు. మత్తులో ఉన్న తల్లిని పిల్లల దగ్గర ఉండనిచ్చి, అడిగితే అబద్ధం చెప్పిన ఇంట్లో పిల్లల్ని ఉంచవచ్చా అని ఇప్పుడు ఆలోచిస్తున్నారు. జులై 9న విచారణ. ఆ లోపల వేరే ఇల్లు, తెలియనివాళ్ళ ఇల్లు, చూసి ఉంచుతారట.

కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడింది. నా నిజంతో నేను ఒడ్డునపడి నిన్ను ముంచాను. ఏం రాయాలో తెలియడం లేదత్తా.

ఇయనేతా

* * *

షెపర్టన్,
జూన్ 26

ఇయనేతా,

వారంపాటు నీ పేరు ఎత్తలేదు. సెఫీనా ఎత్తితే గది దాటి వెళ్ళాను.

డంకన్ ఇంకో ఆడమనిషిని వెంటపెట్టుకొచ్చాడు. అల్మారాలు తెరిచారు, పక్కలు చూశారు. నా తోబుట్టువుల పిల్లల్లో సగంమంది ఈ చేతుల్లోనే పెరిగారు. ఎవరూ నాకు పరీక్ష పెట్టలేదు. వాళ్ళు వెళ్ళాక సెఫీనా తన బట్టలన్నీ సంచిలో సర్దుకుని మంచం కింద పెట్టుకుంది. ఎందుకే అంటే, “తొందరగా వెళ్ళమంటే ఆలస్యం అవ్వకూడదు కదా” అంది. అప్పుడు నాకు కోపం పోయింది. కోపం పోయాక భయం పట్టుకుంది. కోపమే నయం.

నేనొక నిర్ణయానికొచ్చాను. నా చిన్నప్పుడు మన దీవిలో మా చిన్నాన్న లారీ కింద పడి పొరుగూరి కుర్రాడు పోయాడు. తెల్లారకముందే మా నాన్న వాళ్ళ ఇంటి ముందుకెళ్ళి, తలమీదుగా పెద్ద చాప కప్పుకుని వంగి కూర్చున్నాడు. ఆ ఇంటివాళ్ళు రాళ్ళు వేస్తే వేయొచ్చు, గొడ్డలి తెస్తే తేవొచ్చు. కూర్చున్నవాడు కదలకూడదు. ఎండెక్కాక ఆ కుర్రాడి తల్లి బయటికొచ్చి చాప ఎత్తింది. దెబ్బ తగిలినవాళ్ళకే ఎత్తే హక్కు. దాంతో పగ చల్లారింది.

మా అమ్మ సన్నగా అల్లిన చాప నా దగ్గరుంది. విచారణ రోజు ఆ కోర్టు గుమ్మం ముందు కూర్చుంటాను. పాస్టరుగారు వద్దనలేదు. మేలే కారులో తీసుకొస్తానంది. జడ్జమ్మ ఏ గుమ్మంలోంచి వస్తుందో అది మాత్రం రాయి.

అత్త

* * *

మెల్‌బోర్న్,
జులై 4

అత్తా,

వద్దు! ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తవు, ఆ ఫోన్ కొనడం దేనికి?

జడ్జీలు కింద కార్లు పెట్టే చోటు నుంచి లిఫ్టులో పైకి వెళతారు. గుమ్మం ముందు నువ్వు సాయంత్రందాకా కూర్చున్నా ఆవిడ చూడదు. కాపలావాళ్ళు చూస్తారు. మనిషికి మతిపోయిందని రాసుకుంటారు, ఆ ముక్క కూడా డంకన్ చేతికి వెళుతుంది. అయినా నువ్వు ఎవర్ని చంపావని? తప్పు చేసిందాన్ని నేను.

లోపలికొచ్చి నా పక్కన కూర్చో. ఆ శనివారం ఏం చూశావో అది చెప్పు. అంతకంటే ఏమీ చెయ్యొద్దు. నీ కాళ్ళు పట్టుకుంటాను.

ఇయనేతా

* * *

షెపర్టన్,
జులై 13

ఇయనేతా,

నీ ఉత్తరం విచారణ అయిన మర్నాడు వచ్చింది. తపాలావాడికి కూడా నా మోకాళ్ళే ఉన్నట్టున్నాయి. ముందొచ్చినా వెళ్ళేదాన్నే, ఆ బెంగ పెట్టుకోకు.

లోపల జరిగింది నువ్వు చూశావు. బయట జరిగింది నీకు తెలియదు, పరీక్ష కోసం నువ్వప్పటికే లోపలున్నావు. రాస్తాను.

చినుకులు పడుతున్నాయి. మెట్ల పక్కన కూర్చుని చాప కప్పుకున్నాను. చాప కింద నుంచి కాళ్ళు మాత్రమే కనపడతాయి. ముందు నల్ల బూట్లు వచ్చి ఆగాయి. “అమ్మా, ఒంట్లో బాగాలేదా? అంబులెన్సు పిలవమంటారా?” “వద్దు బాబూ, క్షమిస్తారేమోనని కూర్చున్నాను.” “ఎవరు క్షమించాలి?” “కోర్టువారు.” “కోర్టు పదింటికి మొదలవుతుందమ్మా” అన్నాడు. వెళ్ళి గొడుగు తెచ్చి నా పక్కన నేలమీద నిలబెట్టాడు. ఎవరు కన్న బిడ్డో.

ఆ తర్వాత ఎన్నో కాళ్ళు వెళ్ళాయి. మడమల జోళ్ళు, చిరిగిన జోళ్ళు, పిల్లల బండి చక్రాలు. ఎవరూ చాప ముట్టుకోలేదు. వాళ్ళకేం హక్కుందని ముట్టుకుంటారు? వాళ్ళకు నేను చేసిన అన్యాయమేముంది? అది తట్టేసరికి నాకు చాప కింద చెమటపట్టింది. జడ్జమ్మ వచ్చినా ఏం చేస్తుంది? నా అబద్ధంతో ఆవిడకు పోయిందేమీ లేదు. ఇంత ముసలితనం వచ్చి ఎవరి గుమ్మం ముందు కూర్చోవాలో కూడా తెలియకుండా కూర్చున్నాను. లేద్దామంటే మోకాళ్ళు లేవనివ్వవు.

అప్పుడు బడి జోళ్ళు వచ్చాయి. మేలే పెనీకి పాలసీసా ఇస్తుంటే సెఫీనా కారు దిగి వచ్చేసింది. రెండు చేతులతో చాప ఎత్తింది. వానంతా నా మెడలోకి కారింది.

“అమ్మకు జ్వరం కాదని నాకు ఆ రోజే తెలుసు అమ్మమ్మా. నుదురు చల్లగా ఉంది. నువ్వు కష్టపడి చెప్పావని నమ్మినట్టు ఉన్నాను” అంది.

ఎనిమిదేళ్ళ పిల్ల, నా మాట పోకుండా కాపాడింది! నేను కుటుంబాన్ని కప్పానని గర్వపడుతుంటే అది ఒక్కతే ఆ తడిగుడ్డ పట్టుకుని కూర్చుంది. దాన్ని పట్టుకుని నడివీధిలో ఏడ్చాను. ఇది కాయితం మీద వినపడితే వినపడనీ.

అందుకే లోపలికి దాని చెయ్యి పట్టుకుని వచ్చాను. అందుకే జడ్జమ్మ అడగకముందే అంతా చెప్పాను, నీ దవడ కదలడంతో సహా. నీ పరువు తీశానని అనుకుని ఉంటావు. తీశాను. ఇకమీదట నువ్వు బాగాలేకపోతే బాగాలేదనే చెబుతాను, డంకన్‌కీ చెబుతాను, పిల్లలకీ చెబుతాను. పిల్లలు నా దగ్గరే ఉండొచ్చని ఆవిడ అనగానే కాళ్ళు తడబడ్డాయి, మోకాళ్ళ నొప్పి అని చెప్పాను. అది అబద్ధం కింద లెక్కకట్టకు.

చాప తడిసింది. ఎండలో వేశాను. సెఫీనా సంచిలో బట్టలు తీసి మళ్ళీ అల్మారాలో పెట్టుకుంది.

మీ అత్త,
ఫువాతినో

* * *

మెల్‌బోర్న్,
డిసెంబరు 8

అత్తా,

పిల్లలు ఇంటికొచ్చాక ఇదే మొదటి ఉత్తరం. తీరిక లేక కాదు. బాగున్నాం అని రాస్తే దిష్టి తగులుతుందేమోనని.

చివరి రోజున జడ్జమ్మ బల్ల చుట్టూ తిరిగొచ్చి నా చెయ్యి పట్టుకుంది. “నిన్ను ఇక ఎప్పుడూ చూడకూడదని కోరుకుంటున్నాను” అంది. అంత మంచి మాట నాతో ఎవరూ అనలేదు. డంకన్ అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టి తనే సిగ్గుపడ్డాడు.

నీ ఇల్లు బోసిపోయిందని, నువ్వు షెడ్డు నుంచి ఇంటికి వెళ్ళకుండా తన వంటింట్లో కూర్చుంటున్నావని మేలే చెప్పింది. నా సంతోషం నీ దగ్గర నుంచే తెచ్చుకున్నానని తెలుసు. క్రిస్మస్‌కు ముగ్గురం రైల్లో వస్తున్నాం. సెలవులు సగం పిల్లలు నీ దగ్గరే ఉంటారు. అడగడం లేదు, చెబుతున్నాను.

ఇంకో సంగతి. రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. నీ దగ్గర ఇక దాచను కాబట్టి రాస్తున్నాను, కంగారుపడకు.

గురువారం సాయంత్రం గిన్నెలు తోముతుంటే ఉన్నట్టుండి ఐస్ కోసం ఆ దాహం పట్టుకుంది. కారణం ఏమీ లేదు. గిన్నె చేతిలోంచి జారింది. సెఫీనా బల్ల దగ్గర బొమ్మకు రంగులు వేస్తోంది. పాత రోజుల్లో నేను మంచం మీద పడి ఉంటే అది బడి మానేసి నా పక్కన కూర్చుని, ఊపిరి వస్తోందో లేదో నా ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసేదట. ఈ మధ్యే చెప్పింది, ఏదో మామూలు సంగతి చెప్పినట్టు.

“ఏమైందమ్మా?” అంది.

ఏం లేదు అనబోయాను. మాట నాలుక చివరిదాకా వచ్చింది.

“నాకు ఆ మందు కావాలనిపిస్తోంది సెఫీనా. చాలా గట్టిగా. తీసుకోను. ఇప్పుడే ఫోన్ చేస్తాను, కేంద్రం నుంచి ఎవరో ఒకరు వచ్చి నాతో కూర్చుంటారు” అన్నాను.

నేను ఫోన్ చేసి మాట్లాడేదాకా నా మొహమే చూస్తూ నిలబడింది.

“వస్తున్నారా?”

“వస్తున్నారు.”

“అయితే నేను ఆడుకోడానికి వెళ్ళనా?”

వెళ్ళిందత్తా. వెనక్కి తిరిగి చూడలేదు. పెరట్లో పెనీతో బంతి కోసం పోట్లాట మొదలుపెట్టింది. గిన్నెలు తోమడం అయ్యేదాకా వాళ్ళ గొడవ వింటూనే ఉన్నాను.

నీ ఇయనేతా